ఆడపిల్లల ఊపిరి, మన పరుగు పందెం

మేము చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం రైల్వేలో చేరినాకే అలవాటైంది. తప్పులుంటే మన్నించండి.

పోయినసారి పరుగు పందెంలో మగపిల్లలకు 5 కిలోమీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు పెట్టినాం. పెట్టిన కమిటీలో మేమూ ఉన్నాం. "ఆడపిల్లల ఊపిరితిత్తులు తట్టుకోవు" అని ఒకరంటే అందరం తలూపినాం. తొమ్మిదో క్లాసు పాప ఒకతి వచ్చి, "తాతా, నేను రోజూ గుట్టెక్కి దిగుతాను, నాకు 800 ఏమిటి?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయినాం. అప్పటినుంచి దీని చరిత్ర వెతుకుతా ఉన్నాం.

విచిత్రం ఏమంటే, ప్రపంచం కూడా ఈ 800 దగ్గరే తప్పు చేసింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు మొదటిసారి 800 మీటర్లు పరిగెత్తినారు. ఫైనల్లో తొమ్మిది మంది, తొమ్మిది మందీ పూర్తి చేసినారు. జర్మనీ అమ్మాయి లీనా రాద్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది, అది ప్రపంచ రికార్డు. పేపర్లవాళ్ళు మాత్రం సగం మంది కుప్పకూలిపోయినట్టు రాసినారు. పరుగు అయినాక ఆయాసంతో కూలబడటం మగవాళ్ళకు లేదా? ఆ రాతల పుణ్యమా అని ఆ పందెమే తీసేసినారు. మళ్ళీ 1960 రోమ్‌లో గానీ రాలేదు. 32 ఏళ్ళు! ఒక ఉద్యోగి సర్వీసంత కాలం. ఆడవాళ్ళ మారథాన్ అయితే 1984లో లాస్ ఏంజెలెస్‌లోనే మొదలైంది.

మరి ఊపిరితిత్తుల్లో తేడా లేదా అంటే, ఉంది. దాచాల్సిన పని లేదు. ఒకే ఎత్తున్న మగవాడితో పోలిస్తే పెద్దయిన ఆడమనిషి ఊపిరితిత్తులు చిన్నవి. లోపలి గాలి గొట్టాలు ఇంకా సన్నం. మా భాషలో చెప్పాలంటే స్టేషనూ చిన్నది, లైనూ మీటర్ గేజే. నడకలో ఇది తెలియదు. గట్టిగా పరిగెత్తేటప్పుడు అంతే గాలి లాగడానికి ఆమె కండరాలు ఎక్కువ కష్టపడాలి. రక్తంలో హిమోగ్లోబిన్ కూడా సాధారణంగా కొంచెం తక్కువే. కానీ ఇంకో సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం, అదే ఊపిరికి ఇంజను, ఆడవాళ్ళలో తొందరగా అలిసిపోదని పరీక్షల్లో తేలింది. అంటే తేడా వేగంలో. దూరం పోలేరని కాదు.

మన తెలుగు పిల్లల సంగతే చూడండి. 2014 మే 25, రాష్ట్రం విడిపోవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల మలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కినారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ళు నిండనివాళ్ళను ఎక్కనీయరని టిబెట్ వైపు నుంచి పోయినారు. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ అది. 8848 మీటర్ల ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన ఊర్లో దొరికేదానిలో సగం కూడా ఉండదు. అక్కడ ఆ పిల్లకు వేరే చిన్న కొండ ఎవరూ పెట్టలేదు.

ఒక్క పిల్ల ఎక్కిందని అందరి ఊపిరితిత్తులూ ఒకటే అని మేము అనడం లేదు. పందెంలో ఆడపిల్లలకు వేరే బహుమతులు, వేరే టైమింగ్ ఉండాల్సిందే. దూరం మాత్రం ఒకటే పెడదాం. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లలను, మగపిల్లలైనా సరే, ముందే డాక్టరుకు చూపిద్దాం. మన పావగడ ఎండ సంగతి మీకు తెలుసు, పందెం తెల్లవారి ఆరుకే మొదలుపెట్టాలి, దారి పొడుగునా నీళ్ళు ఉండాలి.

ఆదివారం మీటింగులో ఈ మాట మేమే ఎత్తుతాం. ఆ పాపను కూడా రమ్మని చెప్పినాం. వాళ్ళ అమ్మ కూడా వస్తానంది.