వినుకొండ మనిషి పెట్టిన ప్రకటనల బడి

మన ఇళ్ళలో పిల్లలు బొమ్మలు బాగా వేసినా, మాటలు చమత్కారంగా రాసినా ముచ్చటపడతాం. ఉగాది కార్యక్రమానికి బానరు రాయిస్తాం, సంచికకి ముఖచిత్రం వేయిస్తాం. కాలేజీ సంగతి వచ్చేసరికి మాత్రం "అది హాబీగా ఉంచుకోమ్మా" అంటాం. డాక్టరుకి మెడికల్ కాలేజీ ఉంది, ఇంజనీరుకి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. వ్యాపార ప్రకటనలు తయారుచేసేవాళ్ళకి కాలేజీ ఏమిటి, ఆ తెలివి పుట్టుకతో రావాలి గాని అని మన వాదన. కాని ఈ వృత్తికీ బళ్ళున్నాయి. వాటిలో పేరున్న ఒక బడిని స్థాపించినాయన మన గుంటూరు జిల్లాలో పుట్టినవాడు. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ముందు ఈ దేశం కథ కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు ఇక్కడి ఏజెన్సీలలో రచయిత ఒక గదిలో కూర్చుని మాటలు రాసి పంపితే, చిత్రకారుడు మరో గదిలో వాటికి బొమ్మ తగిలించేవాడు. 1949లో న్యూయార్క్‌లో డాయిల్ డేన్ బెర్న్‌బాక్ సంస్థను ప్రారంభించినవాళ్ళలో ఒకడైన బిల్ బెర్న్‌బాక్ ఆ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఇంత తెల్ల కాగితంలో అంత చిన్న ఫోక్స్‌వాగన్ కారు బొమ్మ వేసిన 1959 నాటి ప్రకటన అలాంటి జంట పనే. ఇక అన్ని ఏజెన్సీలకీ అలాంటి జంటలు కావలసివచ్చాయి. కొంతకాలం కుర్రాళ్ళని చేర్చుకుని తామే నేర్పించుకున్నాయి. రానురాను ఆ ఖర్చు బరువనిపించి, తయారైనవాళ్ళే కావాలన్నాయి. అలా పుట్టినవే ఇక్కడి పోర్ట్‌ఫోలియో బళ్ళు.

1979లో రాన్ సీక్రిస్ట్ అట్లాంటాలో పోర్ట్‌ఫోలియో సెంటర్ మొదలుపెట్టాడు. ఇలాంటి చోట పాఠాలు చెప్పేది ఎక్కువగా ఏజెన్సీలలో పనిచేసే రచయితలు, ఆర్ట్ డైరెక్టర్లు. చివరికి విద్యార్థి చేతికొచ్చేది "బుక్", అంటే నిజమైన వస్తువులకి ఊహించి తయారుచేసిన ప్రకటనల సంపుటి. ఉద్యోగమిచ్చేవాడు మార్కుల జాబితా అడగడు, ఆ బుక్కే తిరగేస్తాడు. మనలో వైద్యులకి ఇది వింతగా తోచదు. హౌస్‌సర్జన్సీ చేయనివాడి చేతికి కత్తి ఎవరిస్తారు! 1993లో సీక్రిస్ట్, ఆయన భార్య పిప్పా కలిసి మయామీ యాడ్ స్కూల్ పెట్టారు. 1996లో రిచ్‌మండ్‌లోని వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ యాడ్‌సెంటర్ తెరిచి ఇదే విద్యకి మాస్టర్స్ డిగ్రీ ఇవ్వసాగింది. డిగ్రీ అంటే గాని మనసొప్పని మనవంటి తల్లిదండ్రులకి అది ఊరటే.

రిచ్‌మండ్ కంటే ఐదేళ్ళు ముందే, 1991లో, అహ్మదాబాదులో ప్రకటనల రంగం కోసం ఒక విద్యాసంస్థ వెలసింది. పేరు ముద్రా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కమ్యూనికేషన్స్. అందరూ పిలిచేది మైకా అని. స్థాపకులు ఎ.జి. కృష్ణమూర్తి గారు.

వినుకొండ అనగానే మనకి జాషువా గారు గుర్తొస్తారు. కృష్ణమూర్తి గారు 1942లో పుట్టింది కూడా అక్కడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, తర్వాత అహ్మదాబాదు చేరి కాలికో మిల్లుల గిరా సారాభాయ్ దగ్గర పనిచేశారు. 1972లో శిల్పి అడ్వర్టైజింగ్‌లోనూ, 1976లో రిలయన్స్‌లోనూ చేరారు. 1980 మార్చి 25న 35,000 రూపాయలతో, విమల్ బట్టలు అనే ఒకే ఒక్క ఖాతాతో ముద్రా ఏజెన్సీ ప్రారంభించారు. తొమ్మిదేళ్ళలో అది దేశంలో మూడో స్థానానికి చేరింది. మన చిన్నతనం దాటాక వచ్చింది గాని, రస్నా ప్రకటన మన మేనల్లుళ్ళకీ మేనకోడళ్ళకీ ఇప్పటికీ నోటికొచ్చు. అదీ ముద్రా పనే.

ఆనాటి ప్రకటనల రంగం బొంబాయిది, ఇంగ్లీషుది. పేరున్న ఏజెన్సీలన్నీ అక్కడే. అందులో ఆరితేరినవాళ్ళు అహ్మదాబాదు రమ్మంటే వస్తారా? పనివాళ్ళని తయారుచేసుకోవలసిన అవసరం ముద్రాకి మిగతావాళ్ళ కంటే ఎక్కువ. పైగా ఆ ఊళ్ళో 1961 నుంచీ ఒక పక్క నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, మరో పక్క ఐఐఎం ఉన్నాయి. బొమ్మకీ వ్యాపారానికీ నడుమ ఉండే ప్రకటనకే చోటు లేదు. 1991 ఆర్థిక సంస్కరణలు, వెనువెంటనే శాటిలైట్ టీవీ వచ్చి పడ్డాయి. బడి సమయానికే వచ్చిందనాలి.

దాని ప్రవేశ పరీక్ష మైకాట్ సంగతి వింటే ఎంసెట్ రోజులు తలచుకునేవాళ్ళకి నవ్వొస్తుంది. లెక్కలూ ఇంగ్లీషూ సరే, మనస్తత్వ పరీక్ష కూడా పెడతారు. కొన్ని బొమ్మలిచ్చి వాటిని కలుపుతూ కథ అల్లమంటారు. అయినా మైకా ముఖ్యంగా తయారుచేసింది మార్కెటింగ్, బ్రాండ్ వ్యవహారాలు చూసే మేనేజర్లని. రాసేవాళ్ళకీ గీసేవాళ్ళకీ విడిగా ఒక చిన్న కోర్సు పెట్టారు. ఇంగ్లీషు రాజ్యమేలిన రంగంలోకి వినుకొండ నుంచి వెళ్ళి గెలిచినాయన బడి, దేశభాషల్లో ప్రకటనలు రాసేవాళ్ళ మీద ఇంకా దృష్టి పెట్టి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

కృష్ణమూర్తి గారు 2003లో పదవీ విరమణ చేసి, తన అనుభవాలను పుస్తకాలుగా రాశారు. 2011లో ముద్రా అమెరికా సంస్థ ఆమ్నికామ్ చేతికి వెళ్ళి "డీడీబీ ముద్రా" అయింది. ఆ డీడీబీలో చివరి అక్షరం బెర్న్‌బాక్‌దే! కృష్ణమూర్తి గారు 2016 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మైకా నడుస్తోంది.

ఇక్కడి బళ్ళన్నీ అలా నిలవలేదు. 1995లో అట్లాంటాలో తెరిచిన క్రియేటివ్ సర్కస్ 2023లో మూతపడింది; పోర్ట్‌ఫోలియో సెంటర్ మయామీ స్కూల్లో కలిసిపోయింది. కనుక మీ అమ్మాయో అబ్బాయో ఈ చదువు చదువుతానంటే ఫీజు, అప్పు సంగతి తప్పకుండా చూసుకోండి. దానితోపాటు, నిరుడు చదువు ముగించిన పిల్లల బుక్కులు రెండు మూడు చూపించమని అడగండి.