టైటానియంపై లేజరు రంగులు

టైటానియం ఉపరితలాన్ని ఫైబర్ లేజరు కిరణంతో నియంత్రితంగా వేడిచేసి, సిరా గాని రంగుపొడి గాని వాడకుండా బంగారు, ఊదా, నీలం, ఆకుపచ్చ మొదలగు రంగులను రప్పించే ప్రక్రియను లేజరు రంగుల ముద్రణ అంటారు. ఆభరణాలు, గడియారపు భాగాలు, పనిముట్లు మరియు శస్త్రచికిత్స పరికరాలపై గుర్తులు వేయడానికి దీనిని ఉపయోగిస్తారు.

రంగుకు కారణం

గాలి తగిలిన వెంటనే టైటానియంపై కొన్ని నానోమీటర్ల మందం గల పారదర్శకమైన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. వేడిచేస్తే ఈ పొర మందం పెరుగుతుంది. పొర పైభాగం నుండి, అడుగున ఉన్న లోహం నుండి పరావర్తనం చెందిన కాంతి తరంగాలు కలిసినపుడు కొన్ని రంగులు బలపడి, కొన్ని క్షీణిస్తాయి. దీనినే వ్యతికరణం అంటారు. సబ్బు బుడగలోని రంగులకు కారణం కూడా ఇదే. పొర మందం సుమారు 10-25 నానోమీటర్లు ఉన్నపుడు బంగారు రంగు, 40-50 ఉన్నపుడు ముదురు నీలం కనబడతాయి. 180 దాటిన పిమ్మట ఆకుపచ్చ వస్తుంది. చూసే కోణం మారితే రంగు కొంత మారుతుంది.

నాపరాళ్ళు లభించే పల్నాడు వంటి ప్రాంతాలలో రాతి ఉలులకు కొలిమిలో పాయనం పెట్టేటపుడు ఉక్కుపై మొదట ఎండుగడ్డి రంగు, సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద నీలం కనబడతాయి. అవి కూడా ఆక్సైడు పొర రంగులే. కమ్మరి రంగును చూసి వేడిని గుర్తిస్తాడు. లేజరు పనిలో వేడిని అమర్చి రంగును రప్పిస్తారు.

లేజరు అమరికలు

ఇటర్బియం కలిపిన గాజు తంతువు నుండి సుమారు 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణం వెలువడుతుంది. రంగును నిర్ణయించే అమరికలు ఇవి:

* సగటు శక్తి (వాట్లు)
* కిరణం కదిలే వేగం
* పల్సుల పౌనఃపున్యం
* పల్సు కాలం: క్యూ-స్విచ్ లేజరులలో ఇది దాదాపు స్థిరం, మోపా రకంలో మార్చుకొనవచ్చు.
* గీతల మధ్య దూరం
* నాభి స్థానం: లోహాన్ని నాభి నుండి కొద్దిగా జరిపితే వేడి విస్తరించి, రంగు సమంగా పరచుకొంటుంది.

ఉదాహరణకు, 20 వాట్లు, సెకనుకు 500 మి.మీ. వేగం, గీతల మధ్య 0.01 మి.మీ. దూరం ఉన్నపుడు చదరపు మిల్లీమీటరుకు 4 జౌళ్ళ శక్తి చేరుతుంది. పౌనఃపున్యం 200 కిలోహెర్ట్జులైతే ఒక్కొక్క పల్సు శక్తి 0.1 మిల్లీజౌలు. అదే 20 కిలోహెర్ట్జులకు తగ్గిస్తే మొత్తం శక్తి మారదు గాని, పల్సు శక్తి పది రెట్లై 1 మిల్లీజౌలు అవుతుంది. అపుడు రంగుకు బదులు లోహం కరిగి గుంటలు పడవచ్చు.

నమూనా పరీక్ష

ఒక యంత్రంలో నీలం ఇచ్చిన అంకెలు మరొక యంత్రంలో ఊదా ఇవ్వవచ్చు. లోహపు మందం, నునుపు, మిశ్రమం మారినా ఫలితం మారుతుంది. అందువలన అదే రకపు తునకను శుభ్రపరచి, దానిపై చిన్న చదరాల పట్టిక గీస్తారు. అడ్డువరుసలలో వేగాన్ని, నిలువు వరుసలలో పౌనఃపున్యాన్ని మార్చి, మిగిలినవాటిని స్థిరంగా ఉంచి, ఫలితాలను నమోదు చేస్తారు.

ఆనోడీకరణతో పోలిక

శరీరంలో అమర్చే మరలు, ఎముక పలకల కొలతలను తెలిపే రంగులను సాధారణంగా ఆనోడీకరణ ద్వారా వేస్తారు. అందులో పొర మందాన్ని వోల్టేజీ నిర్ణయిస్తుంది. లేజరుతో చిన్న అక్షరానికి సైతం వేరు రంగు వేయవచ్చు. అయితే వేడి మితిమీరితే పొరలో సూక్ష్మమైన పగుళ్ళు ఏర్పడి, లోహపు మన్నికకు భంగం కలుగవచ్చు. కావున శరీరంలో ఉండవలసిన భాగాలకు రంగు ఒక్కటే ప్రమాణం కాదు.

జాగ్రత్తలు

ఈ కిరణం కంటికి కనబడదు, కాని రెటీనాను శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్ళద్దాలు తప్పనిసరి. టైటానియం పొడికి నిప్పు అంటుకొంటే నీరు పోయరాదు. పొడి ఇసుకతో కప్పాలి.

తెలుగు ప్రాంతంలో టైటానియం

టైటానియం ముడిఖనిజమైన ఇల్మనైటు భీమునిపట్నం తీరపు ఇసుకలో లభిస్తుంది. 1973లో హైదరాబాదులో స్థాపించబడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రమలోహాలను తయారుచేస్తుంది.