అణా నుంచి నయాపైసాకు

1957కు ముందు తెలుగునాట పిల్లవాడు అంగడికి వెళ్లాలంటే ముందు ఎక్కాలు రావాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, కాణీకి 3 దమ్మిడీలు. అంటే రూపాయికి 192 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. వీధిబడిలో ఎక్కాలతోపాటు భిన్నాల లెక్కలూ వల్లె వేయించడానికి చిల్లర లెక్కే ఒక కారణం. 1943 నుంచి వచ్చిన చిల్లికాణీని చూడగానే గుర్తుపట్టవచ్చు. లోహం ఆదా కోసం పెట్టిన రంధ్రం పిల్లలకిలా కలిసొచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో నిజాం హాలీ సిక్కా వేరుగా ఉండేది కాబట్టి, అక్కడి పిల్లలకు రెండు రకాల డబ్బు తెలియాల్సి వచ్చేది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలయ్యాయి. లెక్క తేలికైంది గానీ, మార్పిడి కాలం చిక్కులు తెచ్చింది. అణా విలువ సరిగ్గా ఆరుంబావు నయాపైసలు. పావు పైసా నాణెం లేదు కనుక అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టికలు నిర్ణయించాయి. నాలుగు అణా వస్తువులు విడివిడిగా కొంటే 24 నయాపైసలు, ఒకేసారి కొంటే 25! పెద్దలే తికమకపడ్డారు, కొత్త లెక్క బడిలో నేర్చిన పిల్లలకే ఇది సులువు.

1964లో పేరులోని ‘నయా’ పోయింది. పావలా నాణెం 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కోల్పోయింది; ‘పావలా వడ్డీ’ అనే మాట మాత్రం ఇంకా చెలామణిలో ఉంది.