ఆఢ్యవాతము: ఒక వ్యాధి నామము వెనుక చరిత్ర



గత కార్తికమాసములో ఒక సోమవారము నేను నిర్జలోపవాసముండి, బ్రాహ్మీముహూర్తము నుండి తడిసిన శిలలపై నిలబడి స్వామికి అభిషేకములు నిర్వహించాను. ఆ అర్ధరాత్రి కుడికాలి బొటనవ్రేలి మూలములో నిప్పుకణిక పెట్టినట్లు బాధ పుట్టి మెలకువ వచ్చినది. తెల్లవారేసరికి ఆ కీలు ఎర్రబారి వాచినది. దుప్పటి అంచు తగిలినా ఓర్వలేకపోయాను. పూజలో ఏదో అపచారము జరిగినదనియే మొదట తలచాను. శాంతికొరకు జపము చేసుకొన్నాను. వారము దాటిన పిమ్మట బాధ తగ్గినది, జపము ఫలించినదనుకొన్నాను. మాఘములో అది మరల వచ్చినది. అప్పుడు వైద్యుని ఆశ్రయింపగా, రక్తములో యూరిక్ ఆమ్లము డెసిలీటరుకు 9 మిల్లీగ్రాములు దాటినదనియు, ఈ వ్యాధిని గౌట్ అంటారనియు తెలిసినది.

ఆలయమునకు వచ్చే ఒక పెద్దమనిషి చిరునవ్వుతో, “పంతులుగారూ, అది రాజుల రోగమట కదా, మీకెట్లా వచ్చింది?” అన్నారు. పరిహాసమే అయినా ఆ ప్రశ్న నన్ను శాస్త్రగ్రంథముల వద్దకు నడిపించినది.

చరకసంహిత చికిత్సాస్థానములో 29వ అధ్యాయము వాతరక్తమును గూర్చినది. అగ్నిహోత్రము ముగించుకొని ఋషుల నడుమ ఆసీనుడైన పునర్వసు ఆత్రేయుని శిష్యుడైన అగ్నివేశుడు ప్రశ్నించుటతో అది ఆరంభమగుచున్నది. వాతము, రక్తము కలిసి ప్రకోపించుట అగ్నికి వాయువు తోడైనట్టిదని అక్కడ చెప్పబడినది. ప్రకోపించిన వాతమునకు దుష్టరక్తము మార్గమును నిరోధించును. నిరుద్ధమైన వాతము మరింత క్రుద్ధమై రక్తమును ఇంకా చెరచును. ఒకదానినొకటి పెంచుకొనే ఈ చక్రమే వ్యాధి. దీనికి ఖుడము, వాతబలాసము, ఆఢ్యవాతము అనే నామాంతరములున్నవి. ఆఢ్యుడనగా ధనికుడు. ప్రాయికముగా సంపన్నులకు వచ్చునది కనుక ఆ పేరు వచ్చినదని వ్యాఖ్యాతల వివరణ.

అయితే ఆత్రేయుడు ధనమును కారణముగా చెప్పలేదు. లవణ, ఆమ్ల, కటు రసముల అతిసేవనము, ఉలవలు, మినుములు, మాంసము, పెరుగు, సురాసవములు, క్రోధము, పగటినిద్ర, రాత్రి జాగరణము కారణములని చెప్పి, సుకుమారులై, మృష్టాన్నములు భుజించుచు, నడక యెరుగనివారికి ఇది తరచుగా వచ్చునన్నాడు. అశ్వాది వాహనములపై సంచారమును కూడ ఆ జాబితాలో చేర్చాడు. దానిని చదువుచుండగా నా దినచర్యయే కన్నుల ముందు నిలిచినది. తెల్లవారుజామున లేచుట, మధ్యాహ్నము కునుకు తీయుట, పర్వదినములలో జాగరణము, పులిహోర, దధ్యోదనము, చక్కెరపొంగలి. గర్భాలయములో గంటలకొద్దీ ఒకేచోట నిలుచుటయే గాని నడక లేదు. సంపద లేకున్నను సంపన్నుని దేహధర్మము నాకు సంక్రమించినది!

సుశ్రుతుడు దీని గతిని చక్కగా వర్ణించాడు. పాదములలో గాని, ఒక్కొక్కప్పుడు హస్తములలో గాని మూలమూని, మూషికవిషము వలె క్రమక్రమముగా దేహమంతటా ప్రాకునన్నాడు. ఇక్కడ ఒక శాస్త్రచర్చ కూడ ఉన్నది. చర్మమాంసములను ఆశ్రయించునది ఉత్తానము, లోతైన ధాతువులను పట్టునది గంభీరము అని చరకసంహిత రెండు భేదములు చెప్పినది. అట్టి విభజన సరికాదన్నాడు సుశ్రుతుడు. పైపైన మొదలైనదే కాలాంతరమున లోతునకు దిగును గనుక అవి రెండు వ్యాధులు కావు, ఒకే వ్యాధికి రెండు దశలని ఆయన మతము. ఈ వాక్యము రోగికి ఒక హెచ్చరిక. నొప్పి తగ్గినంత మాత్రమున వ్యాధి పోయినదనుకొన్న నా వంటివారికి అది మరీ ముఖ్యము.

పశ్చిమదేశములలోను ఈ వ్యాధి ప్రాచీనమైనదే. గ్రీకులు దీనిని పొడాగ్రా అన్నారు. పాదమును పట్టునదని అర్థము. హిప్పోక్రటీసు సంప్రదాయ గ్రంథములలో దీని ప్రస్తావన ఉన్నది. 16వ శతాబ్దిలో స్పెయిన్ నేలిన ఐదవ చార్లెస్ చక్రవర్తి దీనితో మిక్కిలి బాధపడి, 1556లో సింహాసనమును విడిచాడు. భద్రపరచబడిన ఆయన వ్రేలి భాగమును పరీక్షించి, అందు యూరేట్ స్ఫటికములున్నవని 2006లో పరిశోధకులు ప్రకటించారు. ఆంగ్లవైద్యుడు థామస్ సిడెన్‌హామ్ తానే ఈ రోగపీడితుడై 1683లో దీనిపై గ్రంథము వ్రాశాడు.

ఆ స్ఫటికముల కథ అంచెలంచెలుగా తెలిసినది. 1679లో లీవెన్‌హుక్ ఒక రోగి గడ్డలోని తెల్లని పదార్థమును సూక్ష్మదర్శినితో చూచి, సూదుల వంటి రేణువులను గుర్తించాడు. 1776లో షీలే మూత్రాశ్మరులలో యూరిక్ ఆమ్లమును కనుగొన్నాడు. 1797లో వొలాస్టన్ అదియే గౌట్ గడ్డలలోను ఉన్నదని తేల్చాడు. 1848లో గారడ్ రోగుల రక్తములో దానిని నిరూపించాడు. తరువాత ఆమ్లము కలిపిన రక్తద్రవములో దారపుపోగు ముంచి ఉంచి, దానిపై స్ఫటికములు పేరుకొనుటను చూపాడు. 1961లో మెకార్టీ, హాలెండర్ కీళ్లద్రవములోనే ఆ స్ఫటికములను చూపారు.

ఆహారమందును మన కణములందును ఉండే ప్యూరిన్లు విచ్ఛిన్నమై యూరిక్ ఆమ్లమగును. దానిలో మూడింట రెండు వంతులు మూత్రపిండములు విసర్జించును. రక్తములో అది సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటినప్పుడు స్ఫటికములు ఏర్పడే అవకాశము కలుగును. చల్లదనములో దాని ద్రావణీయత తగ్గును. హృదయమునకు దూరమైన బొటనవ్రేలు దేహములో చల్లని స్థానము. నీరు లేని ఉపవాసము రక్తములో దానిని మరింత పెంచును. కార్తిక సోమవారము, నిర్జలవ్రతము, తడిసిన శిల. నా కాలికి ఆ రాత్రియే ఎందుకు వచ్చినదో ఇప్పుడు విదితమైనది. అది దైవాగ్రహము కాదు.

వాతరక్తము, గౌట్ సర్వథా ఒకటేనని నేననను. శాస్త్రోక్తమైన వాతరక్తము విస్తృతమైనది. చర్మవైవర్ణ్యము, వ్రణములు మొదలగు లక్షణములు కూడ అందులోనివి. ఋషులు వ్యాధి మార్గమును చూచారు, ఆధునికులు దాని ద్రవ్యమును చూచారు.

ఇక అసలు విషయము. చరకసంహిత సూత్రస్థానము చికిత్సను మూడు విధములుగా విభజించినది: మంత్ర, జప, హోమాదులు దైవవ్యపాశ్రయము, ఆహారౌషధముల యోజన యుక్తివ్యపాశ్రయము, మనోనిగ్రహము సత్త్వావజయము. జపమును ఆత్రేయుడు కాదనలేదు, ఔషధము స్థానములో దానిని నిలుపనూ లేదు. ఏకదోషజమై కొత్తగా వచ్చిన వాతరక్తము సాధ్యమనియు, ద్విదోషజము యాప్యమనియు, త్రిదోషజము అసాధ్యమనియు హెచ్చరించాడు. భక్తి పేరిట ఆలస్యము చేసినవాడు శాస్త్రమును పాటించినవాడు కాడు.

ఈనాడు యూరిక్ ఆమ్లమును తగ్గించే ఔషధములున్నవి. అల్లోప్యూరినాల్ రూపకల్పనకు మూలమైన పరిశోధన చేసిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ పురస్కారము పొందినవారిలో ఉన్నారు. బాధ లేని దినములలోను వైద్యుడు చెప్పినంత కాలము ఔషధము వాడవలెను. గౌట్ నొప్పికి వాడే కాల్చిసిన్ మన ఉపవిషములలో చేరిన లాంగలీ దుంపలోను ఉన్నది. అది ప్రాణాంతకము, స్వయముగా ప్రయోగించరాదు.

జలము, మూలములు, ఫలములు, క్షీరము, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము. ఈ ఎనిమిదియు వ్రతభంగకరములు కావని స్మృతివచనము. పాఠశాలలో బాల్యముననే దానిని కంఠస్థము చేశాను, వృద్ధులైన భక్తులకెందరికో చెప్పి నీరు త్రాగించాను. నాకు నేను మాత్రము చెప్పుకోలేదు. ఈ కార్తికములో పూజానంతరము జలము, ఔషధము స్వీకరించియే ఉపవసించాను. అభిషేకము యథావిధిగా జరిగినది. మీలోను, మీ ఇండ్లలోను ఈ బాధ గలవారుంటే, దానిని పాపఫలమని మూలుగుతూ కూర్చొననీయక, ముందు రక్తపరీక్షకు తీసికొనిపొండు.

స్వస్తి.