‘క్యాండిడ్’: ఒక తెల్లని మాట చరిత్ర

ఆకాశమందలి చంద్రునికిని, ఎన్నికలలో నిలుచు అభ్యర్థికిని, మొగమాటము లేక మాటాడు మిత్రునికిని సంబంధమేమి? ఆంగ్లమున తరచుగా వినవచ్చు ‘క్యాండిడ్’ అను విశేషణము ఈ మూటిని ముడివేయుచున్నది.

లాటిను భాషలో తెలుపునకు రెండు మాటలు కలవు. మెరుపు లేని తెలుపు ‘ఆల్బుస్’; మిలమిల మెరయు తెలుపు ‘కాండిదుస్’. ఈ రెండవ మాటకును, సంస్కృతమందలి ‘చంద్ర’ శబ్దమునకును మూలధాతువు ఒక్కటియే యని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కొవ్వొత్తికి గల ‘క్యాండిల్’ అను పేరును ఈ కుటుంబములోనిదే.

ప్రాచీన రోములో పదవి కోరువాడు ‘తోగా’ అను తన పైవస్త్రమునకు సుద్ద పట్టించి, ధగధగలాడుచు ప్రజలను వోట్లడిగెడివాడు. అట్టివానిని ‘కాండిదాతుస్’, అనగా తెల్లని వస్త్రము ధరించినవాడు, అనిరి. నేటి ‘క్యాండిడేటు’ పుట్టుక అదియే. ఎన్నికలకై బట్టలకు తెలుపు పూయరాదని క్రీ. పూ. 432లో ఒక శాసనమే చేసిరని చరిత్రకారుడు లివీ వ్రాసెను. ఆచారము మాత్రము పోలేదు. క్రీ. పూ. 64లో కాన్సలు పదవికి పోటీచేయుచు సిసెరో తన ప్రత్యర్థులను సెనేటులో ఎండగట్టిన ఉపన్యాసము ఆ తెల్లని తోగా పేరుతోనే ప్రసిద్ధి కెక్కినది.

17వ శతాబ్దమున ఆంగ్లమున ప్రవేశించిన ఈ మాట క్రమముగా బట్టను విడిచి మనస్సును పట్టుకొన్నది. 1755 నాటి జాన్సను నిఘంటువు ‘తెల్లని’ అను అర్థమును మొదట చెప్పి, అది మిక్కిలి అరుదనెను. ద్వేషము, కపటము లేని అనునది రెండవ అర్థము. ఆనాడు ‘క్యాండర్’ అనగా ఇతరులయందలి మంచిని చూడగల సౌజన్యము. 1813లో వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్తు తన అక్కయందు మెచ్చుకొను గుణమిదియే. కాలక్రమమున ఆ సౌజన్యము జారిపోయి, దాపరికము లేకుండుట మాత్రము మిగిలినది. ‘క్యాండిడ్‌గా చెప్పవలెనన్న’ అని ఎవరైన మొదలిడగానే వినువాని గుండె ఝల్లుమనుట ఇందుచేతనే.

తెలుగు నుడియు ఈ త్రోవనే నడచినది. ‘తెల్లము’ అనగా స్పష్టము. దాచక చెప్పినది తేటతెల్లము. అయినను తెల్లనివన్నియు పాలు కావని మన పెద్దలు హెచ్చరించిరి. తోటివాని పనిని గూర్చి అభిప్రాయము వ్రాయువాడు ఈ హెచ్చరికను మరువరాదు. సత్యము చెప్పవలసినదే, కాని దాని వెనుక సుహృద్భావము లేనిచో అది సుద్దతెలుపు. ఉన్నచో వెన్నెల తెలుపు.