అరవై రోజుల గడువు: అమెరికా యుద్ధాధికారాల చట్టం కథ

1787 ఆగస్టు 17న ఫిలడెల్ఫియాలో కూర్చున్న అమెరికా రాజ్యాంగ సభ ఒక్క క్రియాపదం మీద చర్చ చేసింది. యుద్ధం ‘చేసే’ అధికారం కాంగ్రెస్‌కు ఉంటుందని ముసాయిదా చెబుతోంది. కాంగ్రెస్ అంటే అక్కడి పార్లమెంటు. ‘చేసే’ అన్న మాట కొట్టేసి ‘ప్రకటించే’ అని రాయాలని జేమ్స్ మాడిసన్, ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ప్రతిపాదించారు. శత్రువు హఠాత్తుగా వచ్చి మీద పడితే, సభ్యులంతా చేరేదాకా అధ్యక్షుడు చేతులు కట్టుకుని కూర్చోకూడదన్నది వారి ఉద్దేశం. అంటే దాడిని తిప్పికొట్టడం అధ్యక్షుడి పని, కోరి యుద్ధానికి దిగాలా వద్దా అన్నది కాంగ్రెస్ తేల్చాల్సిన విషయం. సైన్యానికి ఇచ్చే సొమ్మును కూడా ఒక విడతకు రెండేళ్లకు మించి మంజూరు చేయకూడదని రాశారు. అయితే అదే రాజ్యాంగం మరో అధికరణంలో అధ్యక్షుణ్ని సర్వసేనాధిపతిని చేసింది. ఆ తర్వాత నడిచిన తగవంతా ఈ రెండు అధికరణాల మధ్యనే.

ఆ తగవు ఎలా ఉంటుందో 1846లోనే తెలిసింది. న్యూసెస్, రియో గ్రాండే నదుల మధ్య నేల తమదేనని మెక్సికో అంటుండగా, అధ్యక్షుడు జేమ్స్ పోక్ సైన్యాన్ని అక్కడికి నడిపించాడు. ఘర్షణ జరిగింది, అమెరికా సైనికులు చనిపోయారు. అమెరికా గడ్డ మీద అమెరికన్ల రక్తం చిందిందని చెప్పి పోక్ కాంగ్రెస్ చేత యుద్ధం ప్రకటింపజేశాడు. మరుసటి ఏడాది డిసెంబరులో, ఇల్లినాయ్ నుంచి కొత్తగా సభకు వచ్చిన అబ్రహాం లింకన్ ఆ రక్తం చిందిన చోటు సరిగ్గా ఎక్కడో చెప్పమని తీర్మానాలు పెట్టాడు. 1848 జనవరిలో ప్రతినిధుల సభ 85–81 ఓట్లతో, ఈ యుద్ధాన్ని అధ్యక్షుడు అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టాడని అభిశంసించింది. అప్పటికే మెక్సికో నగరం అమెరికా సైన్యం చేతికి వచ్చేసింది. సేనలను ఎక్కడ నిలపాలో ఒక్కడే నిర్ణయిస్తున్నప్పుడు, యుద్ధం వస్తుందా రాదా అన్నది కూడా చాలావరకు అతని చేతిలోకే పోతుంది.

అమెరికా లాంఛనంగా ప్రకటించి చేసిన యుద్ధాలు ఐదే. చివరి ప్రకటన 1942 జూన్‌లో బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద వెలువడింది. 1950లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ కాంగ్రెస్‌ను అడగకుండానే కొరియాకు సేనలను పంపాడు. దానికి ‘పోలీసు చర్య’ అన్న పేరు స్థిరపడింది.

వియత్నాం విషయంలో కాంగ్రెస్‌ను అడగకపోలేదు. అడిగిన తీరే వేరు. 1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో ఉత్తర వియత్నాం పడవలు మ్యాడాక్స్ అనే అమెరికా యుద్ధనౌక మీద దాడి చేశాయి. ఆగస్టు 4 రాత్రి రెండో దాడి జరిగిందని కబురు వచ్చింది. చెడ్డ వాతావరణంలో, కటిక చీకట్లో రాడార్, సోనార్ సంకేతాలను నావికులు దాడిగా పొరబడ్డారు. ఆ రెండో దాడి జరగనే లేదు. అయినా ఆగస్టు 7న, అవసరమైన చర్యలన్నీ తీసుకునే అధికారాన్ని ప్రతినిధుల సభ 416–0 ఓట్లతో, సెనేట్ 88–2 ఓట్లతో అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు అప్పగించాయి. వద్దన్నవారు ఓరెగన్ సెనేటర్ వేన్ మోర్స్, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్. తీర్మానంలో గడువు లేదు, సైన్యం సంఖ్యకు పరిమితీ లేదు. 1968 నాటికి వియత్నాంలో అమెరికా సైనికులు 5 లక్షలు దాటారు.

కాంగ్రెస్‌ను చివరికి కదిలించింది కంబోడియా. 1969 మార్చి నుంచి రిచర్డ్ నిక్సన్ ప్రభుత్వం ఆ దేశం మీద రహస్యంగా బాంబులు కురిపించింది. ఆ బాంబులు దక్షిణ వియత్నాంలో పడినట్టు సైనిక రికార్డుల్లో దొంగ లెక్కలు రాయించింది. ఇది 1973లో సెనేట్ విచారణలో బయటపడింది. ఆ వేసవిలో కాంగ్రెస్ నిధులకు కోత పెట్టి, ఆగస్టు 15 తర్వాత ఇండోచైనాలో బాంబుదాడులకు పైసా ఖర్చు చేయకూడదని శాసించింది. ఆ రోజుతో బాంబులు ఆగాయి. కాంగ్రెస్ చేతిలో ఉన్న వాటిలో నిజంగా పనిచేసిన ఆయుధం ఇదే.

ఇక శాశ్వతమైన కట్టడి కోసం సెనేటర్ జేకబ్ జావిట్స్, ప్రతినిధి క్లెమెంట్ జబ్లాకీ ముందుండి యుద్ధాధికారాల తీర్మానాన్ని నడిపించారు. పేరుకు తీర్మానమే కాని ఇది పూర్తి చట్టం. అక్టోబరు 24న నిక్సన్ వీటో చేశాడు. నవంబరు 7న ప్రతినిధుల సభ 284–135తో, సెనేట్ 75–18తో వీటోను తోసిపుచ్చాయి. ప్రతినిధుల సభలో మూడింట రెండు వంతుల మెజారిటీకి ఆ రోజు కావలసిన ఓట్లు 280. నాలుగు ఓట్ల తేడాతో చట్టం బతికింది.

ఈ చట్టం ప్రకారం అధ్యక్షుడు సేనలను పోరులోకి దించితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. 60 రోజుల్లో అనుమతి రాకపోతే సేనలను వెనక్కి రప్పించాలి. సురక్షితంగా వెనక్కి తేవడానికి తప్పదనుకుంటే మరో 30 రోజులు. చిక్కంతా నివేదికలోనే ఉంది. చట్టం మూడు రకాల నివేదికలను చెప్పి, గడువును మాత్రం మొదటి రకానికే ముడిపెట్టింది. అది ‘శత్రుచర్యల్లోకి’ సేనలు వెళ్లిన సందర్భం. అందుకే ఏ రకమో తేల్చకుండా, చట్టానికి ‘అనుగుణంగా’ తెలియజేస్తున్నామని మాత్రమే రాయడం అధ్యక్షులకు అలవాటైంది. 1975 మేలో కంబోడియా పట్టుకున్న మాయాగెజ్ నౌకను విడిపించినప్పుడు జెరాల్డ్ ఫోర్డ్ ఒక్కడే ఆ మొదటి రకం నిబంధనను పేరెత్తి నివేదిక పంపాడు. అప్పటికి ఆపరేషన్ ముగిసింది.

సేనలను వెనక్కి రమ్మని అధ్యక్షుడి సంతకంతో పనిలేకుండా ఉభయ సభలు ఆదేశించవచ్చని కూడా చట్టంలో ఉంది. 1983లో చడ్డా కేసులో సుప్రీంకోర్టు అలాంటి శాసనసభా వీటోలు చెల్లవనడంతో ఆ నిబంధన నీరుగారిపోయింది. కోర్టుకెక్కిన సభ్యులకూ ఫలితం దక్కలేదు. 1999 కొసోవో దాడుల మీద వేసిన దావా విచారణార్హత లేదంటూ కొట్టివేతకు గురైంది. 2011లో లిబియా మీద దాడులు 60 రోజులు దాటాక, భూతల సేనలు లేవు కనుక ఇవి ‘శత్రుచర్యలు’ కావని బరాక్ ఒబామా ప్రభుత్వం వాదించింది. పైనుంచి బాంబులు వేయడం శత్రుచర్య కాదంటే ఆ మాటకు అర్థమే మిగలదు. ఆ వాదన చట్టానికి చేసిన గాయం పెద్దది.

2019లో యెమెన్ యుద్ధం నుంచి అమెరికా తప్పుకోవాలని సెనేట్ 54–46తో, ప్రతినిధుల సభ 247–175తో తీర్మానించాయి. డొనాల్డ్ ట్రంప్ వీటో చేశాడు. దాన్ని దాటడానికి మే 2న సెనేట్‌లో ఓటింగు పెడితే వచ్చినవి 53, వ్యతిరేకంగా 45. మూడింట రెండు వంతులు రాలేదు, వీటో నిలిచింది.