కెఫీన్, స్వభావం, గడియారం

కోకాకోలాలోని కెఫీన్ హానికరమంటూ అమెరికా ప్రభుత్వం వేసిన దావా 1911లో విచారణకు వచ్చింది. కంపెనీ తరఫున మనస్తత్త్వవేత్త హ్యారీ హాలింగ్‌వర్త్ 16 మందిని పరీక్షించి, మితమైన మోతాదు మేధాశక్తిని చెరపదని తేల్చాడు. కోర్టుకు కావలసింది అందరికీ వర్తించే ఒకే జవాబు కదా!

మనుషుల మధ్య భేదాన్ని పట్టుకున్నది లండన్‌లోని హాన్స్ ఐసెంక్. అంతర్ముఖుల మెదడు సహజంగానే అధిక ఉత్తేజంలో ఉంటుందని 1967లో ప్రతిపాదించాడు. ఆ లెక్కన ఉత్తేజకం వారిని తడబరచాలి, బహిర్ముఖులకు తోడ్పడాలి. ముచ్చటైన సిద్ధాంతమే. దానికి చిక్కు తెచ్చినది గడియారం. 1980లో విలియం రెవెల్ బృందం ప్రకటించిన భాషాసామర్థ్య పరీక్షల్లో, బహిర్ముఖతలో భాగంగా ఐసెంక్ ఎంచిన తొందరపాటు గుణం గలవారికి కెఫీన్ ఉదయం పూట మేలు చేసింది, నిదానస్తులను వెనక్కి లాగింది. సాయంత్రానికి ఫలితం తారుమారైంది. ఉత్తేజస్థాయి స్వభావాన్ని బట్టి స్థిరంగా ఉంటుందన్న వాదనకు గండి పడింది ఇక్కడే.